చేతికి కట్టిన తాడు ఎవరికి బదులు?

గుంటూరు నుండి గుంతకల్లు వైపు సాగే రైలుమార్గంలో వినుకొండ దాటితే కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు వరుసగా వస్తాయి. వాన తక్కువ, తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువ అయిన మెట్టప్రాంతమిది. పంట చేతికందని ఏడాది ఇక్కడి కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు పల్లెలకో, కట్టడపు పనులకు హైదరాబాదుకో తరలిపోతాయి. ఊళ్ళో ఉన్న రోజులలో కూడా భార్యాభర్తలిద్దరూ కూలికి వెళితేనే పొయ్యి వెలుగుతుంది. అటువంటి ఇంట్లో బుద్ధిమాంద్యం గల బిడ్డ ఉన్నాడనుకోండి. ఐదేళ్ళప్పుడు నాన్నమ్మ చంకనెత్తుకుని తిప్పింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి నాన్నమ్మ లేదు. బిడ్డ తల్లికన్నా ఎత్తు పెరిగాడు. తలుపు తెరిచి ఉంటే రోడ్డు మీదికో, రైలుపట్టాల మీదికో నడిచిపోతాడు. తల్లి పొద్దున్నే పనికి వెళ్ళాలి. పాత చీర పేలికతో అతని కాలిని మంచం కోడుకు కట్టి, పక్కన అన్నం గిన్నె, నీళ్ళ చెంబు పెట్టి, బయట గొళ్ళెం వేసి వెళుతుంది.

ఆ తల్లిని నిలదీయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఆమె ప్రేమకు లోటు లేదు. సాయంత్రం ఇల్లు చేరగానే మొదట విప్పేది ఆ ముడినే. అయితే ఒక సంగతి తేటగా చెప్పుకోవాలి. ఆ పేలిక ఉన్న చోట నిజానికి ఒక మనిషి ఉండవలసింది. పగటి పూట ఆ బిడ్డను కనిపెట్టి ఉండే మనిషి దొరకలేదు గనుక ఆ స్థానంలోకి తాడు వచ్చింది. ఇల్లయినా, వందమంది ఉండే వసతి గృహమయినా, తాడు వచ్చే దారి సాధారణంగా ఇదే. ఈ ఒక్క విషయాన్ని పట్టుకుని చట్టాన్ని, ధర్మాన్ని, మన అలవాట్లను పరిశీలిద్దాం.

ముందుగా ఒక పొరపాటు మాటను సరిచేసుకోవాలి. మన ఊళ్ళలో బుద్ధిమాంద్యాన్నీ, మానసిక రోగాన్నీ కలిపి ఒకే మాటతో పిలుస్తారు. రెండూ వేరు. మానసిక రోగం ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో తగ్గవచ్చు, కొందరికి పూర్తిగా నయం కావచ్చు. బుద్ధిమాంద్యం రోగం కాదు. పుట్టుకతోనో, బాల్యంలోనో మెదడు ఎదుగుదల మందగించిన స్థితి అది. దానిని నయం చేసే మాత్ర లేదు. ఓర్పుతో నేర్పితే స్నానం, భోజనం, చిన్న చిన్న పనులు నేర్చుకోవడం మాత్రం ఉంది. ఇప్పటి చట్టభాషలో దీనిని మేధో వైకల్యం అంటున్నారు. 2011 జనగణనలో ఈ స్థితి గలవారు దేశంలో 15 లక్షలకు పైగా నమోదయ్యారు. మానసిక రోగులుగా నమోదయినవారు 7 లక్షల 22 వేల పైచిలుకు. వీరి శిక్షణ కోసమే 1984లో సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది. దేశమంతటికీ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేసే ఆ సంస్థ తెలుగు నేల మీదనే ఉన్నా, దాని పేరు తెలియని తల్లిదండ్రులు పల్లెల్లో ఎందరో!

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. నయమవుతుందన్న ఆశతో కుటుంబం తిరగని చోటుండదు. మన జిల్లాల నుండి నెల్లూరు వైపు అనుమసముద్రంపేట దర్గాకు మతిస్థిమితం లేనివారిని తీసుకువెళ్ళడం చాలా కాలంగా ఉన్నదే. దువా కోసం వెళ్ళడాన్ని గురించి ఇక్కడ చర్చించడం లేదు. ఏ పుణ్యస్థలం చుట్టూనైనా అనుమతి లేని వసతి గృహాలు వెలిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పుకోక తప్పదు. తమిళనాడులోని ఏర్వాడి దానికి సాక్ష్యం.

రామనాథపురం జిల్లా ఏర్వాడిలో హజ్రత్ సుల్తాన్ సయ్యద్ ఇబ్రాహీం షహీద్ దర్గా ఉన్నది. మానసిక రోగులకు అక్కడ స్వస్థత చేకూరుతుందన్న నమ్మకంతో దూరప్రాంతాల నుండి జనం వచ్చేవారు. కలలో ఆజ్ఞ అందేవరకు రోగిని అక్కడే ఉంచాలనే విశ్వాసం కూడా వ్యాపించింది. నెలల తరబడి ఉండలేని బంధువులు డబ్బు కట్టి, రోగిని దర్గా సమీపంలోని ప్రైవేటు గృహాలకు అప్పగించి వెళ్ళేవారు. తాటాకు పాకలు, లోపల వరుసగా మనుషులు, కాళ్ళకు గొలుసులు. 2001 ఆగస్టు 6న, ఇంకా తెల్లవారకముందే, అటువంటి గృహాలలో ఒకటైన మొహిద్దీన్ బాదుషా మానసిక గృహంలో మంటలు లేచాయి. గొలుసు లేనివారు బయటికి పరుగెత్తారు. గొలుసులు ఉన్నవారు ఉన్నచోటనే కాలిపోయారు. సుప్రీంకోర్టు పత్రికా వార్తల ఆధారంగా తనంతట తానే చేపట్టిన కేసు శీర్షికలో 25 మంది అని ఉన్నది. చివరికి తేలిన మృతుల సంఖ్య 28. ఆ తరువాత కొద్ది రోజులకే ఏర్వాడిలోని అటువంటి గృహాలన్నిటినీ ప్రభుత్వం మూసివేసి, వాటిలో ఉన్న ఐదు వందల మందికి పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకున్నది. గృహ యజమానికి, అతని బంధువులకు 2007లో ఏడేళ్ళ జైలుశిక్ష పడింది.

ఈ ఉదంతాన్ని కొందరు మూఢనమ్మకం చేసిన హత్యగా వర్ణించి ఊరుకున్నారు. అది సగం మాటేనని నా అభిప్రాయం. కన్నవారిని అంత దూరం తీసుకువెళ్ళినది నమ్మకమే కావచ్చు. కాళ్ళకు గొలుసు వేయించినది మాత్రం లెక్క. పది మందిని చూసుకోవడానికి ముగ్గురు కావాలి, ముగ్గురికి జీతాలివ్వాలి. గొలుసుకు జీతం లేదు, సెలవు లేదు, నిద్ర లేదు. ఆ లెక్కకు మతంతో పని లేదు.

అందుకు రుజువు ఇంగ్లండులో దొరుకుతుంది. బ్రిస్టల్ నగరం సమీపంలో వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. దానిలో ఉన్నవారు మేధో వైకల్యం, ఆటిజం గలవారు. ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రజాధనం నుండి చెల్లించేవారు. 2011 మే నెలలో బి.బి.సి. తన పనోరమా కార్యక్రమంలో రహస్యంగా తీసిన దృశ్యాలు ప్రసారం చేసింది. సిబ్బంది రోగులను నేలకు అదిమిపట్టడం, కుర్చీ కింద బిగించడం, కొట్టడం, హేళన చేయడం లోకమంతా చూసింది. పదకొండు మంది సిబ్బందికి శిక్షలు పడ్డాయి, వారిలో ఆరుగురు జైలుకు వెళ్ళారు. ఆసుపత్రి మూతపడింది. అక్కడ గొలుసులు లేవు, తాటాకు కప్పు లేదు, డబ్బుకు కొరత లేదు. అయినా నేర్పడం, కనిపెట్టుకుని ఉండడం జరగవలసిన చోట అదిమిపట్టడం నడిచింది. మనిషిని కట్టడానికి తాడే అక్కరలేదు. బలమైన చేతులు చాలు, గడియ వేసిన గది చాలు, మత్తుమాత్ర చాలు. ఈ చివరిదానిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బిడ్డ ఇప్పుడు చాలా నెమ్మదిగా ఉన్నాడని ఏదైనా గృహం వారు సంతోషంగా చెప్పినప్పుడు, ఏ మందు, ఎంత మోతాదు, ఏ డాక్టరు రాశాడు అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇక మన దేశ చట్టం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. 97వ సెక్షను ఇతర నిర్బంధాలకు హద్దులు గీసింది. రోగికిగానీ, ఇతరులకుగానీ తక్షణ హాని తప్పించడానికి వేరే మార్గమే లేనప్పుడు మాత్రమే, బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతితో, అత్యవసరమైనంత సేపు మాత్రమే రోగిని కదలకుండా పట్టి ఉంచవచ్చు. ఎందుకు, ఎలా, ఎంతసేపు అన్నది రాసిపెట్టాలి. ఒంటరి గదిలో బంధించరాదు. శిక్షగా వాడరాదు. అన్నిటికన్నా గమనించదగినది మరొకటి: సిబ్బంది చాలడం లేదన్న కారణంతో నిర్బంధించరాదు. చట్టం రాసినవారికి తాడు ఎక్కడి నుండి వస్తుందో తెలుసునన్నమాట.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఇదే చట్టం మానసిక రోగానికిచ్చిన నిర్వచనం నుండి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. రోగం కానిదానిని రోగమనకపోవడం న్యాయమే. కాని దాని ఫలితంగా, నిర్బంధం గురించి ఇంత వివరంగా రాసిన నియమాలు మానసిక వైద్యశాలలకు వర్తిస్తాయి. బుద్ధిమాంద్యం గలవారు నివసించే గృహాలు మాత్రం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం 6వ సెక్షనులో క్రూరమైన, అమానుషమైన ప్రవర్తన నుండి రక్షణ కల్పించాలన్నది. 7వ సెక్షను ప్రకారం హింస జరుగుతున్నదని తెలిసినవారెవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు సమాచారమివ్వవచ్చు. రిజిస్ట్రేషను లేకుండా అటువంటి సంస్థను నడపరాదని 50వ సెక్షను చెబుతుంది. 92వ సెక్షను కింద వికలాంగులపై దౌర్జన్యానికి ఆరు నెలల నుండి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. తమ సంరక్షణలో ఉన్నవారికి తెలిసి తెలిసి అన్నం, నీళ్ళు ఇవ్వకపోవడం కూడా ఆ సెక్షనులోనే నేరం. ఇన్ని ఉన్నా, ఎవరి అనుమతితో, ఎంతసేపు, ఎక్కడ రాసిపెట్టి అన్న వివరాలు వైద్యశాలకు ఉన్నంత స్పష్టంగా ఈ గృహాలకు లేవు. అందువల్ల ఆ ప్రశ్నలు అడగవలసిన భారం కుటుంబం మీదనే పడుతున్నది.

దివ్య ఖుర్ఆన్ సూరా నిసా 5వ ఆయతులో, తమ వ్యవహారాలు తాము చూసుకోలేని అల్పబుద్ధి గలవారి ప్రస్తావన ఉన్నది. వారి ఆస్తిని వారి చేతికి అప్పగించవద్దని, దానితో వారికి అన్నం పెట్టి, బట్టలిచ్చి, వారితో మంచిమాట మాట్లాడాలని ఆ ఆయతు ఆదేశిస్తుంది. అన్నం, బట్ట పెట్టేవారు మన సమాజంలో చాలామందే ఉన్నారు. మూడవదాని దగ్గరే మనం తడబడతాం. అర్థం చేసుకోలేడని మనం తీర్మానించినవానితో కూడా మర్యాదగా మాట్లాడాలన్న ఆజ్ఞ అది.

ఆ ఆజ్ఞకు ఆచరణ రూపం హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించగా సహీహ్ ముస్లింలో నమోదయిన ఒక హదీసులో కనిపిస్తుంది. మదీనాలో బుద్ధి కొంత దెబ్బతిన్న ఒక స్త్రీ ఉండేది. ఆమె ఒకనాడు దైవప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చి, మీతో నాకు పని ఉన్నదన్నది. ఆయన (సఅసం) ఆమెను గౌరవంగా తల్లీ అని సంబోధించి, ఏ వీధిలో మాట్లాడాలో ఎంచుకొమ్మని ఆమెనే అడిగారు. ఆమె చూపిన వీధిలో ఆమె మాట పూర్తయ్యేవరకు ఆమెతో ఉన్నారు. ఆమె చెప్పుకున్నది ఏమిటో హదీసులో లేదు. ఒక రాజ్యానికి అధిపతి అయిన మహనీయుడు ఆమెకు ఇచ్చిన సమయం, ఆమెకు వదిలిన ఎంపిక మాత్రం నమోదయ్యాయి.

బంధించడం గురించి కూడా ఒక ప్రసిద్ధ హదీసు ఉన్నది. పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ హదీసును మంచం కోడుకు కట్టి వెళ్ళే తల్లి మీదికి విసరడం సరికాదు. అన్నం గిన్నె పక్కన పెట్టి వెళ్ళినది ఆమె. కాని డబ్బు తీసుకుని మనుషులను కట్టి ఉంచే గృహాల యజమానులు ఆ హదీసు వింటే మంచిది.

ముస్లిముల చరిత్రలో బీమారిస్తాన్‌లనే వైద్యశాలలు ఉండేవని మనం గర్వంగా చెప్పుకుంటాం. 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్ కట్టించినది, 1354లో అలెప్పోలో మతిస్థిమితం లేనివారి కోసం నడుమ నీటికుండాలతో వెలసినది నేటికీ నిలిచిన కట్టడాలే. ఆ గర్వం న్యాయమైనదే. అయితే 1184లో డమాస్కస్‌ను దర్శించిన యాత్రికుడు ఇబ్ను జుబైర్, అక్కడ ఉన్మాదులకు చికిత్స ఉన్నదని, వారిని గొలుసులతో కట్టి ఉంచారని కూడా రాశాడు. గొప్ప కట్టడంలో కూడా గొలుసు ఉండవచ్చు. దీనికన్నా నన్ను ఆకర్షించేది క్రీ.శ. 705 నుండి 715 వరకు పాలించిన ఖలీఫా వలీద్ చేసిన ఏర్పాటు. నడవలేని ప్రతి ఒక్కరికీ ఒక సేవకుణ్ణి, చూపులేని ప్రతి ఒక్కరికీ దారి చూపే మనిషిని నియమించాడని చరిత్రకారులు రాశారు. లోటు ఉన్న చోట మనిషిని పెట్టాడు ఆ పాలకుడు.

ఇప్పుడు కట్టుబాటు శరీరానికి చేసే హాని సంగతి. రోజంతా ఒకే భంగిమలో ఉంచితే కీళ్ళు బిగుసుకుంటాయి, కండలు సన్నగిల్లుతాయి, తాడు ఒరిసిన చోట పుండు పడుతుంది. బుద్ధిమాంద్యం గలవారిలో మూర్ఛవ్యాధి ఎక్కువ. ఫిట్సు వచ్చినప్పుడు పక్కకు తిరగలేని మనిషికి వాంతి గొంతుకు అడ్డుపడవచ్చు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు మోపి పట్టుకోవడం మరీ ప్రమాదకరం. ఊపిరి అందక ప్రాణాలు పోయిన ఘటనలు అనేక దేశాలలో ఉన్నాయి. ఇంకొకటి: కట్టి ఉంచినకొద్దీ ఆగ్రహం పెరుగుతుంది, ఆగ్రహం పెరిగినకొద్దీ కట్టవలసిన అవసరం పెరిగినట్లు తోస్తుంది.

మాటలు రాని బిడ్డ తల బాదుకుంటున్నాడంటే, చేతిని కొరుక్కుంటున్నాడంటే, అది అతని భాష. పంటినొప్పి కావచ్చు, చెవిలో చీము కావచ్చు, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం కావచ్చు, ఎదిగిన ఆడపిల్లకు నెలసరి నొప్పి కావచ్చు. అందుకే శిక్షణ పొందినవారు మొదట తాడు వెతకరు, పుస్తకం తెరుస్తారు. అల్లరికి ముందు ఏమి జరిగింది, అతను ఏమి చేశాడు, ఆ తరువాత అతనికి ఏమి దొరికింది అనే మూడు సంగతులు రెండు వారాలు రాసి చూస్తే, చాలాసార్లు కారణం దానంతటదే బయటపడుతుంది. ప్రతి సాయంత్రం ఒకే సమయంలో గొడవ చేసే బిడ్డకు అప్పుడు ఆకలి వేస్తున్నదని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు.

కొన్నాళ్ళయినా బిడ్డను వసతి గృహంలో ఉంచక తప్పని కుటుంబాలు ఉంటాయి. అలాంటివారు గృహాన్ని చెప్పకుండా వెళ్ళి చూడాలి, రాత్రిపూట కూడా చూడాలి. రిజిస్ట్రేషను పత్రం చూపమనాలి. రాత్రి ఎంతమందికి ఎంతమంది కాపలా ఉంటారో, తలుపులు బయటినుండి తాళం వేస్తారా, నిప్పు లేస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగాలి. బిడ్డ మణికట్టు, చీలమండ చూడాలి. పలకరించినప్పుడు పక్కనున్న సిబ్బంది వైపు భయంగా చూస్తున్నాడా గమనించాలి. ముందుగా చెప్పి రండి, ఫలానా రోజే రండి అనే గృహాన్ని నేనయితే నమ్మను.

ఇంట్లోనే ఉంచుకునేవారికి తోడు ఎవరన్నది అసలు ప్రశ్న. చిన్నపిల్లల విషయంలో సమగ్ర శిక్ష కింద అనేక మండలాలలో నడుస్తున్న భవిత కేంద్రాలలో పగటి పూట శిక్షణ దొరుకుతుంది. సదరం ధ్రువపత్రం ఉంటే రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తున్నది. నేషనల్ ట్రస్టు నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యబీమా ఉన్నది. ఈ పత్రాల కోసం తిరగడానికి ఒక రోజు కూలి పోతుందని చాలామంది వెనుకాడతారు. జమాఅతులో చదువుకున్న యువకుడొకడు వెంట వెళితే ఆ పని సులువవుతుంది. పగలు నాలుగు గంటలు బిడ్డ దగ్గర కూర్చోవడానికి వీధిలోని ఒక విధవరాలికి జీతమిచ్చి ఏర్పాటు చేస్తే రెండు ఇళ్ళకు ఆసరా. పేద కుటుంబానికి జకాత్ చెల్లుతుందనడంలో సందేహం లేదు. ఆ సహాయకురాలి జీతం జకాత్ నుండి ఇవ్వాలా, సదఖా నుండా అన్నది స్థానిక ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఊరు మసీదు కప్పుకు రంగులు వేయించడానికి చందాలు పోగుచేయగల కమిటీకి ఇది మోయలేని ఖర్చేమీ కాదు. గుజరాత్‌లోని ఉనావా గ్రామపు మీరా దాతార్ దర్గాలో 2008 నుండి దవా, దువా రెండూ కలిపి నడుస్తున్నాయి. జియారత్‌కు వచ్చినవారిని దర్గా సేవకులే ప్రాంగణంలో కూర్చునే డాక్టరు దగ్గరకు పంపుతారు. అటువంటి పద్ధతి మన దర్గాల దగ్గర కూడా సాధ్యమే.

మేము పోయాక వీడినెవరు చూస్తారన్న భయం మాత్రం ఈ ఏర్పాట్లేవీ తీర్చవు. దానికొక మార్గం 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో ఉన్నది. బిడ్డకు 18 ఏళ్ళు నిండాక కూడా అతని బాగోగులు, ఆస్తి చూసుకోవడానికి జిల్లా కలెక్టరు నాయకత్వంలోని స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. తల్లిదండ్రులు తాము బ్రతికి ఉండగానే, తమ తరువాత ఎవరు బాధ్యత తీసుకోవాలో ఆలోచించి, ఆ వ్యక్తి సమ్మతితో దరఖాస్తు చేసుకోవచ్చు. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలలలోగా బిడ్డ ఆస్తిపాస్తుల జాబితా సమర్పించాలి, ఏటేటా జమాఖర్చులు చూపాలి. వారసత్వంలో వచ్చిన అరెకరం పొలమైనా, పెంకుటిల్లైనా ఆ జాబితాలో ఉండాలి. దరఖాస్తులు జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో దొరుకుతాయి.